సామాను ముందు, సంచి తరవాత: మన రోడ్లకి సైకిలు బ్యాగు ఎంచుకోవడం ఎట్లా?

మైపాడు రోడ్డులో ఇందుకూరుపేట దాటి కొంచెం ముందుకు పోయాక వెనక చక్రం కూచుంది. ఆదివారం పొద్దున, ఎండ ఇంకా ముదరలేదు. టైరులో సర్కారు తుమ్మ ముల్లు. సీటు కింద బ్యాగులో కొత్త ట్యూబు ఉందిలే అని ధీమాగా టైరు ఊడదీసి, ట్యూబు మార్చి, గాలి కొట్టాను. ఎంత కొట్టినా ఎక్కదు. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా బుస్సుమంటోంది. ఆ ట్యూబు ఆరు నెలలుగా అదే బ్యాగులో పానా పక్కన పడి ఉంది. రోడ్డు మీద గుంట తగిలినప్పుడల్లా పానా మూల దాన్ని రుద్దింది. వాడకుండానే కందిగింజంత చిల్లు పడింది.

సైకిలు నెట్టుకుంటూ వెనక్కి వచ్చి పంచరు షాపు పెద్దాయనకి చూపిస్తే ఆయన ట్యూబు వంక కాదు, నా బ్యాగు వంక చూశాడు. "ట్యూబునీ పానానీ ఒకే సంచిలో ఏసుకుని తిరగతా ఉండావా అబ్బయా? ఇంక ముల్లు దేనికి?" అన్నాడు.

నేను ఆ బ్యాగు కొన్నప్పుడు చూసింది రంగు, చూడ్డానికి బిగువుగా ఉండటం, అంతే. అందులో ఏం పెట్టాలో, ఎట్లా పెట్టాలో ఆలోచించలేదు. ఆ తరవాత మూడు బ్యాగులు మార్చాను, ఒకటి కుట్టించుకున్నాను. నెల్లూరు నుంచి కోవూరు దాకా రోజూ పోయి రావడం, సెలవు రోజున సముద్రం వైపు ఒక చుట్టు, నా తిరుగుడు ఇంతే. ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయేవాళ్ళకైనా, పొదిలి, దర్శి వైపు పొలాలకి సైకిలు మీద పోయేవాళ్ళకైనా లెక్క పెద్దగా మారదు. బ్యాగు చివర కొనాలి. ముందు సామాను తేల్చుకోవాలి, తరవాత తాళం, తరవాత సైకిల్లో చోటు.

1. పేపరు పరిచి సామాను పెట్టండి

నేల మీద పాత న్యూస్‌పేపరు పరవండి. దారిలో చక్రం కూచుంటే మీ చేతులతో మీరు ఏం చేయగలరో ఆలోచించుకుని, దానికి కావలసినవి మాత్రమే పేపరు మీద పెట్టండి. చైను తెంచి అతకడం మీకు రాకపోతే చైను కట్టరు మోసి లాభం లేదు. బరువు తప్ప.

సైకిలును బట్టి సామాను మారుతుంది. పాలవాళ్ళు, పొలం పోయేవాళ్ళు వాడే 28 అంగుళాల నల్ల సైకిలుకి గేర్లు ఉండవు, చక్రాలు నట్లతో బిగించి ఉంటాయి. దానికి రెండు తలల సైకిలు పానా ఉంటుంది చూడండి, ఒక్కో తల చుట్టూ రకరకాల సైజు బొక్కలుండేది, అదొకటి చాలావరకు పని చేస్తుంది. దాంతో చక్రం నట్టు నిజంగా కదులుతుందో లేదో ఇంటి దగ్గరే ఒకసారి విప్పి చూడండి. షాపులో మెకానిక్కు పొడుగు పానాతో బిగించిన నట్టు ఈ పొట్టి పానాకి లొంగకపోవచ్చు. గేర్ల సైకిలుకి 4, 5, 6 మిల్లీమీటర్ల ఎలెన్ కీలు, అంటే ఆరు పలకల కడ్డీ పానాలు, ముఖ్యం. కత్తిలా మడిచే టూలు ఒకటి తీసుకుంటే ఆ మూడూ, ఒక స్క్రూ డ్రైవరూ అందులోనే వస్తాయి. గేర్ల సైకిళ్ళలో కూడా చక్రం చేత్తో తిప్పే లివరుతో కాకుండా నట్లతో బిగించినవి చాలా ఉన్నాయి. వాటికి ఎక్కువగా 15 మి.మీ. పానా పడుతుంది. నా ట్యూబుని తినేసింది అదే.

ట్యూబు కొనే ముందు టైరు పక్క గోడ మీద అచ్చేసిన అంకెలు చదవండి. నల్ల సైకిలు టైరు మీద 28 ఇంటూ 1½ అని, దాని పక్కన 40-635 అని ఉంటుంది. హైబ్రిడ్ సైకిలు (రేసు సైకిలుకీ లావు టైర్ల కొండ సైకిలుకీ మధ్యరకం) మీద 700 అని, 622 అని ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకే ఎత్తు చక్రాల్లా కనపడతాయి గానీ రిమ్ము కొలతలో 13 మి.మీ. తేడా ఉంది, ఒకదాని టైరు ఇంకొకదానికి ఎక్కదు. వాల్వు కూడా చూసుకోండి. నల్ల సైకిలుది లోపల సన్న రబ్బరు గొట్టం తొడిగే పాత రకం. ఆ రబ్బరు ముక్క, మనవాళ్ళు వాల్ ట్యూబు అంటారు, ఎండకి పగిలితే పంచరు లేకుండానే గాలి దిగిపోతుంది. నాలుగు అంగుళాల ముక్క కొని బ్యాగులో వేసుకోండి, దానికి బరువేముంది. గేర్ల సైకిలుకి ఎక్కువగా మోటారుసైకిలు రకం వాల్వు ఉంటుంది. సన్న టైర్ల సైకిళ్ళకి తలమీద చిన్న నట్టు తిప్పి గాలి కొట్టే సన్న వాల్వు. మీ పంపు నోరు దేనికి సరిపోతుందో చూడకుండా పంపు కొనొద్దు.

మన ప్రాంతంలో పంచరుకి కారణం గాజు పెంకుల కన్నా ముళ్ళే ఎక్కువ. రోడ్డు పక్కన సర్కారు తుమ్మ కొట్టినప్పుడు కొమ్మలు అట్లాగే లాగేస్తారు, ముళ్ళు తారు మీద పడతాయి. చేలగట్ల మీద పల్లేరుకాయలు. తుమ్మ ముల్లు ఒక్క చిల్లు పెట్టి మొన విరిగి టైరులోనే ఉండిపోతుంది. పైకి కనపడదు, వేలితో లోపల తడిమితేగానీ దొరకదు. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో అదీ పోతుంది. పల్లేరుకాయ అట్లా కాదు, టైరు చుట్టూ నాలుగైదు చోట్ల గుచ్చుకుంటుంది. అందుకని నా లెక్క ఇది: ట్యూబు ఒకటి చాలు, ప్యాచీలు మాత్రం పది ఉండాలి. ముల్లు మొన లాగడానికి కనుబొమల ప్లక్కరు ఒకటి. ఇంట్లోవాళ్ళది కాదు, వేరేది కొనుక్కోండి, నేను మాటపడ్డాను.

నా పేపరు మీద ఇప్పుడు ఉన్నవి: ట్యూబు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లివర్లు రెండు, ప్యాచీల డబ్బీ, గరుకు కాగితం, సొల్యూషను, మడిచే టూలు, 15 పానా, ప్లక్కరు, పాత టైరు నుంచి కోసిన బెత్తెడు ముక్క, చైను అతికే లింకు ఒకటి, నాలుగు ప్లాస్టిక్ టై పట్టీలు, చేతులు తుడుచుకునే గుడ్డ. టైరు ముక్క ఎందుకంటే, టైరే చీలిపోతే ట్యూబు బయటికి ఉబ్బకుండా లోపల అడ్డం పెట్టడానికి. అది లేనినాడు యాభై రూపాయల నోటు నాలుగు మడతలు పెట్టి ఇల్లు చేరినవాళ్ళున్నారు. నోటు కూడా దూది కాగితమే, గట్టిదే.

ఇవన్నీ ఇంట్లో త్రాసు మీద పెడితే ముప్పావు కేజీ అటూ ఇటూ తూగాయి. పంపు వేరే. ఇప్పుడు వీటన్నిటినీ గుడ్డలో చుట్టి మూటగా చేసి, పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలవండి. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు. నాది 18, 9, 7 వచ్చింది, అంటే లీటరు కన్నా కాస్త ఎక్కువ. బ్యాగుల మీద రాసే లీటర్లు దీనితో పోల్చుకోవాలి. నేను మొదట్లో మూడు లీటర్లది కొన్నాను, ఖాళీగా ఉందని గొడుగు, బిస్కెట్లు, కరెంటు బిల్లు రసీదులు కూడా చేరాయి. పెద్ద సంచి ఎప్పుడూ నిండుతుంది.

2. తాళం లెక్క వేరే

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పానాలు, ట్యూబు, తాళం అన్నీ ఒకే బ్యాగులో పట్టాలనుకుంటారు. పానాలు ఆరు నెలలకోసారి బయటికి వస్తాయి. తాళం రోజుకి పదిసార్లు బయటికి వస్తుంది. పైగా మంచి యూ ఆకారం తాళం ఒక్కటే కేజీ దాటుతుంది, మిగతా సామానంతా కలిపినా దాని బరువు రాదు. ఆ ఇనుము బ్యాగులో ఎగురుతూ ఉంటే మూడో నెలకి అడుగు కుట్టు విప్పుకుంటుంది. నాకు అట్లాగే విప్పుకుని, సామాను ట్రంకు రోడ్డులో చెల్లాచెదురుగా పడింది. వెనకొచ్చే ఆటో అతను లివరు ఏరి ఇచ్చాడు, ప్యాచీల డబ్బీ దొరకనే లేదు.

అందుకని తాళం బ్యాగులో కాదు, సైకిలు ఫ్రేముకి ఉండాలి. ఏ తాళం కొనాలో తేల్చుకోవడానికి ఒక పురికొస ముక్క తీసుకోండి. మీరు మామూలుగా సైకిలు ఆపే నాలుగైదు చోట్లకి పోయి, దేనికి కట్టేస్తారో దాని చుట్టూ, సైకిలు బారు చుట్టూ, వెనక చక్రం చుట్టూ కలిపి పురికొస తిప్పి కొలవండి. మన ఊళ్ళలో సైకిలు కట్టేసేందుకని పాతిన కమ్మీలు ఎక్కడున్నాయి? కూరగాయల మార్కెట్టు దగ్గర కరెంటు స్తంభం, బ్యాంకు దగ్గర కిటికీ ఊచలు, టీ కొట్టు దగ్గర వేపచెట్టు, గుడి దగ్గర గేటు. యూ తాళం కిటికీ ఊచకి పడుతుంది, సిమెంటు స్తంభం చుట్టూ తిరగదు. నా పురికొస చాలాచోట్ల మీటరుకి దగ్గరగా వచ్చింది. అందుకని యూ తాళం ఇంట్లో పెట్టి గొలుసు తాళం కొన్నాను.

వేలంత లావు కేబులు తాళం తేలిక, చుట్టుకుంటుంది, కాని మంచి కట్టరు పడితే క్షణాల్లో తెగుతుంది. అయిదు నిమిషాలు టీ తాగడానికి చాలు, సినిమా చూడటానికి చాలదు. గొలుసు బరువే, కాని ఏ స్తంభానికైనా సరిపోతుంది. మడిచే పట్టీల తాళం ఈ రెండిటికీ మధ్యరకం, ఫ్రేముకి బిగించే గూడుతో వస్తుంది. నల్ల సైకిలుకి వెనక చక్రానికి ఎటూ గుండ్రటి తాళం ఉంటుంది, అది చక్రం తిరగనివ్వదు గానీ సైకిలుని భుజాన వేసుకుని పోయేవాణ్ణి ఆపదు. దానికి తోడు ఒక సన్న గొలుసు చాలు.

గొలుసుని పాత ట్యూబు ముక్కలో దూర్చి సీటు కింది కడ్డీకి రెండు చుట్లు తిప్పి తాళం వేసేస్తే దానికి బ్యాగే అక్కర్లేదు, గలగలా ఉండదు, పెయింటు గీసుకోదు. హ్యాండిలుకి మాత్రం తగిలించొద్దు. ఊగి ముందు చక్రం పుల్లల్లో పడితే మనిషి ముందుకి ఎగిరి పడతాడు. తాళం బొక్క కిందికి చూసేట్టు పెట్టండి, వానా దుమ్మూ దిగవు. అప్పుడప్పుడు మిషను నూనె చుక్క వేయండి. కొబ్బరి నూనె వేసేవాళ్ళని చూశాను, దుమ్ము పట్టి జిగురు ముద్ద అవుతుంది. తాళంచెవి బ్యాగులో పెట్టకూడదని వేరే చెప్పాలా?

3. బ్యాగుకి సైకిల్లో చోటు వెతకడం

సీటు కింద, ఫ్రేము మధ్య మూడు మూలల ఖాళీలో, బారు మీద, హ్యాండిలు ముందు, క్యారియరు మీద లేదా పక్కల. ఇన్ని చోట్లున్నా పానాల మూటకి పనికొచ్చేవి మొదటి రెండే అని నా అభిప్రాయం.

సీటు కింద: పాదం పెడలు మీద ఆనించి మీ ఎత్తుకి సీటు సరిచేసుకున్నాక, సీటు కింది కమ్మీలకీ టైరుకీ (మడ్‌గార్డు ఉంటే దానికీ) మధ్య ఎన్ని పిడికిళ్ళు పడతాయో చూడండి. రెండు పడితే లీటరు బ్యాగు నిశ్చింతగా ఉంటుంది. ఒకటే పడితే మీ మనిషికి సీటు బాగా కిందికి ఉందన్నమాట, ఆ చోటు వదిలేయండి. గుంటలో పడ్డప్పుడు బ్యాగు టైరుకి తగిలి అరుగుతుంది. స్ప్రింగుల సీటైతే పట్టీ స్ప్రింగు చుట్టల మధ్యకి పోకుండా చూడాలి, కూచున్నప్పుడల్లా స్ప్రింగు నొక్కుకుని పట్టీని కొరుకుతుంది. పాత తోలు సీట్లలో కొన్నిటికి వెనక రెండు ఇనప చెవులుంటాయి, వెనకటికి చిన్న తోలు సంచి వేలాడేది అక్కడే. ఆ చెవులుంటే పట్టీలు వాటికి వేయండి. ఇంకొకటి, వెనక ఎర్ర లైటు సీటు కడ్డీకి ఉంటే బ్యాగు దాన్ని కప్పేస్తుంది. 16వ నంబరు జాతీయ రహదారి పక్కన చీకటిపడ్డాక తొక్కేవాళ్ళు ఇది మరిచిపోకూడదు. లైటు తగిలించే చిన్న లూపు వెనకవైపు కుట్టిన బ్యాగే తీసుకోండి, లేదా లైటుని కిందికి, మడ్‌గార్డు మీదికి మార్చండి.

ఫ్రేము మధ్య: బరువు మోయడానికి ఇదే మంచి చోటు. బరువు కిందుగా, నడుమన ఉంటే సైకిలు ఊగదు. వంతెన ఎక్కేటప్పుడు నిలబడి తొక్కితే సీటు వెనక బరువు అటూ ఇటూ కొడుతుంది, మధ్యలో ఉన్నది కొట్టదు. నల్ల సైకిలుకి ఆ ఖాళీ గదంత ఉంటుంది. కాని రెండు కొలతలు చూసుకోవాలి. మందం 6 సెంటీమీటర్లు దాటితే తొడలకి రాసుకుంటుంది, పంచె కట్టేవాళ్ళకి ఇంకా ఇబ్బంది. పొడుగు ఎంత ఉండాలంటే, నీళ్ళ సీసా పెట్టుకునే గూడుంటే సీసా పైకి లాగడానికి చోటు మిగలాలి. ఏప్రిల్, మే నెలల్లో సీసా తీసి బ్యాగు పెట్టుకునే పని మాత్రం చేయొద్దు. పైమూలకి సగం ఖాళీ మాత్రమే నింపే బ్యాగైతే రెండూ సర్దుకుంటాయి. బారు లేని లేడీస్ సైకిలుకి ఈ చోటే లేదు, వాళ్ళకి సీటు కింద, లేదా ముందు బుట్టలో అడుగున గట్టిగా కట్టేసిన డబ్బా.

బారు మీద చిన్న బ్యాగులు ఫోనుకి, పల్లీ చిక్కీకి బాగుంటాయి, పానాలకి కాదు. హ్యాండిలు బ్యాగు బ్రేకు తీగల్ని నొక్కుతుంది, బరువు పెడితే మలుపులో చెయ్యి బరువెక్కుతుంది.

క్యారియరు గురించి ఒక్క మాట. పాలక్యాను, బియ్యం మూట, గడ్డిమోపు, పిల్లకాయలు, ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి దాని మీద వేస్తూనే ఉంటారు. అది ఖాళీగా ఉంచుకోవాలి. పక్క సంచులు, ఒక్కోటి 15, 20 లీటర్లు పట్టేవి, ఊళ్ళు తిరిగేవాళ్ళకి. అవి కొనేటట్టయితే పెడలు తొక్కుతున్నప్పుడు మడమ సంచికి తగులుతుందో లేదో చూసుకుని కొనండి.

దొంగల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మార్కెట్టులో సైకిలు ఆపి లోపలికి పోయేటప్పుడు బ్యాగు ఊడదీసుకుని పోతారా, వదిలేసి పోతారా? ఊడదీసుకుని పోయేవాళ్ళయితే ఒక్క క్లిప్పుతో ఊడేది కావాలి. వదిలేసేవాళ్ళయితే స్క్రూలతో, పట్టీలతో బిగించేది కావాలి, చూపుకి ఎంత పాతగా ఉంటే అంత మంచిది. ఒకసారి నా బ్యాగు జిప్పు తీసి, అందులో ఇనుము తప్ప ఏమీ లేదని చూసుకుని, జిప్పు కూడా వేయకుండా పోయారు. డబ్బూ కాగితాలూ అందులో పెట్టే అలవాటు నాకు లేకపోవడం ఆరోజు కలిసొచ్చింది.

4. గుడ్డ, కుట్టు, జిప్పు

షాపువాళ్ళు వాటర్‌ప్రూఫ్ అనే మాట ముందు చెబుతారు. మన దగ్గర వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో, తుఫాన్లతో కలిసి. ఆ మూడు నెలలు సరే. మిగతా సంవత్సరమంతా బ్యాగుని తినేది ఎండ, ఉప్పు గాలి, దుమ్ము. బ్యాగుని చూసేటప్పుడు ఎండని ముందు పెట్టుకుని చూడండి.

రెగ్జిను బ్యాగు కొత్తలో నిగనిగలాడుతుంది, రెండు వేసవులకి పొట్టు లేచి పగులుతుంది. మందపాటి క్యాన్వాసు గుడ్డ ఎండకి నిలబడుతుంది, చిరిగితే ఏ బ్యాగుల షాపులోనైనా కుట్టిస్తారు. కాని నానితే ఆరడానికి రెండు రోజులు, ముసురు పట్టినప్పుడు బూజు వాసన. ఎక్కువగా దొరికేది లోపల పూత పూసిన పాలిస్టరు, దాని మీద 600డి అని రాసి ఉంటుంది. ఆ దారం తొమ్మిది వేల మీటర్లు తూస్తే 600 గ్రాములుంటుందని అర్థం, అంకె పెరిగేకొద్దీ దారం లావు. పానాలు మోసే బ్యాగుకి 600 చాలు, అడుగున ఇంకో పొర ఉంటే. ఆ అడుగు పొరని వేళ్ళ మధ్య పట్టుకుని చూడండి. ఒక్క పొరే తగిలితే ఎంత పెద్ద అంకె రాసినా పక్కన పెట్టేయండి.

టార్పాలిన్‌లాంటి గుడ్డని కుట్టకుండా వేడితో అతికి, మూతిని మూడు చుట్లు చుట్టి క్లిప్పు పెట్టే బ్యాగులు నిజంగా నీళ్ళు పోనివ్వవు. జిప్పు ఉన్నవాటికి ఆ మాట అంత సులువుగా చెల్లదు. నీళ్ళకి ఎంత ఆగుతుందో చెప్పే గుర్తు కొన్నిటి మీద ఉంటుంది. ఐపీఎక్స్4 అని ఉంటే అన్ని వైపుల నుంచి చిమ్మే తుంపరకి ఆగుతుంది. ఐపీఎక్స్6 గట్టి ధారకి ఆగుతుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట. మన పానాలకి 4 ఎక్కువే. ఏమీ రాయని బ్యాగైతే లోపల న్యూస్‌పేపరు ఉండ పెట్టి కొళాయి కింద రెండు నిమిషాలు ఉంచి చూడండి. పేపరు తడిసేది గుడ్డ నుంచి కాదు, కుట్టు బొక్కల నుంచి. ఎక్కడ తడిసిందో చూస్తే ఏ కుట్టు మీద లోపలివైపు ట్యూబు సొల్యూషను పూయాలో తెలుస్తుంది.

జిప్పు సంగతి సముద్రం దగ్గరవాళ్ళు బాగా చూసుకోవాలి. ఇనప రన్నరు ఉప్పు గాలికి పట్టేసుకుంటుంది. లావు ప్లాస్టిక్ పళ్ళ జిప్పు మేలు. చీమకుర్తి వైపు గ్రానైటు పొడి లేచే రోడ్లలో తిరిగేవాళ్ళకి సన్న జిప్పు అసలు వద్దు, ఆ పొడి పళ్ళలో కూచుని రన్నరుని కొరికేస్తుంది. మూత కప్పి బకిలు పెట్టేది చాలు. జిప్పున్న బ్యాగు ఇప్పటికే మీ దగ్గర ఉంటే పాత టూత్ బ్రష్షుతో పళ్ళు దులిపి కొవ్వొత్తి రుద్దండి, తీయడం తేలికవుతుంది.

నల్ల బ్యాగు ఎండలో లోపల పొయ్యిలా కాలుతుంది. ఫోను ఛార్జు చేసే పవర్ బ్యాంకు అందులో వదిలేసి ఆఫీసుకి పోవద్దు.

5. కొనే రోజు

మూట వెంట తీసుకుపోండి. సైకిలు మీదే పోండి. షాపులో మూట బ్యాగులో పెట్టి, బ్యాగు సైకిలుకి తగిలించి, వెనక చక్రం జానెడు ఎత్తి పది సార్లు వదలండి. షాపతను ఏందీ మనిషి అన్నట్టు చూస్తాడు, చూడనివ్వండి. చప్పుడు ఎక్కడినుంచి వస్తోంది, బ్యాగు పక్కకి ఒరిగిందా, పట్టీ జారిందా అని చూడండి. పట్టీలు మూడు చోట్ల ఉండాలి, రెండు సీటు కమ్మీలకి, ఒకటి కడ్డీకి. ఒక్క పట్టీతో వేలాడేది ఊగుతుంది. అంటుకునే వెల్‌క్రో పట్టీలు దుమ్ము పట్టి ఏడాదికి పట్టు వదిలేస్తాయి, బకిలు ఉన్నది ఎక్కువ కాలం ఉంటుంది. ఏ పట్టీ అయినా పెయింటుని రాస్తుంది, కింద పాత ట్యూబు ముక్క ఒక చుట్టు వేయండి, జారదు కూడా.

ఆన్‌లైనులో తెప్పించేటట్టయితే వాళ్ళు ఇచ్చిన కొలతలతో అట్టముక్క కోసి డబ్బాలా మడిచి, సైకిలుకి పురికొసతో కట్టి ఒక రోజు తొక్కండి. వీధిలోవాళ్ళు నవ్వుతారు. మోకాలికి తగులుతుందో, సీసా అడ్డమవుతుందో ఆ అట్ట చెప్పేస్తుంది, తిప్పి పంపే తలనొప్పి ఉండదు.

28 అంగుళాల సైకిలున్నవాళ్ళకి నా సలహా వేరే. కొనొద్దు, కుట్టించుకోండి. స్కూలు బ్యాగులకి జిప్పులు వేసే షాపు ప్రతి టౌనులోనూ ఉంటుంది. ఫ్రేము ఖాళీకి అట్టముక్క సరిగ్గా కోసి, అన్ని వైపులా రెండు వేళ్ళ సందు వదిలి, అది తీసుకుపోండి. నైలాను దారంతో రెండు వరసల కుట్టు, అడుగున లోపల పాత జీన్సు ముక్క ఇంకో పొర, పట్టీలు బ్యాగు చుట్టూ పూర్తిగా తిరిగి వచ్చేట్టు. పట్టీని ఊరికే అంచుకి కుడితే బరువంతా ఆ నాలుగు కుట్ల మీద పడుతుంది. ఇది పట్టుబట్టి చెప్పాలి, లేకపోతే సులువని అంచుకే వేసేస్తారు. రెండు పక్కలా వెలుగు పడితే మెరిసే టేపు అడగండి. నాకు రెడీమేడు దాంట్లో సగం ధరకూడా కాలేదు.

6. సర్దడం

ట్యూబు మీద కాస్త పౌడరు చల్లి, గాలి పూర్తిగా తీసి, గట్టిగా చుట్టి, పాత సాక్సులో దూర్చండి. వాల్వు కొన లోపలివైపు ఉండాలి. పానా, లివర్లు, మడిచే టూలు పాత జీన్సు కాలి ముక్కలో చాపలా చుట్టి రబ్బరు వేయండి. ఆ చుట్టు అడుగున, ట్యూబు పైన, మధ్యలో చేతిగుడ్డ. గుడ్డ ఊరికే లేదు, చప్పుడు ఆపేదీ అదే, ట్యూబుకీ ఇనుముకీ మధ్య అడ్డమూ అదే. ప్యాచీలు చిన్న ప్లాస్టిక్ డబ్బీలో. పంపు బ్యాగులో పట్టదు, పట్టించాలని చూడొద్దు, సీసా గూడు పక్కన బిగించే క్లిప్పుతోనే వస్తుంది.

మూడు నెలలకోసారి అన్నీ తీసి పేపరు మీద పరవండి. ట్యూబు విప్పి మడతలు మార్చి మళ్ళీ చుట్టండి, ఒకే మడత మీద ఏడాది ఉంటే అక్కడే పగులుతుంది. సముద్రం వైపు పోయొచ్చిన రోజు బ్యాగు ఖాళీ చేసి మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరేయండి, ఎండలో కాదు. పానాలకి నూనె గుడ్డ రుద్దండి.

సొల్యూషను ట్యూబు మూత ఒకసారి తీశాక అది ఎంత బిగించినా లోపల మెల్లగా ఆరిపోతూనే ఉంటుంది, మన వేసవికి ఇంకా త్వరగా. బయట నుంచి నిండుగానే కనపడుతుంది, రోడ్డు మీద నొక్కితే గాలి వస్తుంది. అందుకని రోహిణి కార్తె ముందు ఒకసారి, వానలు మొదలయ్యే ముందు ఒకసారి నొక్కి చూడండి. మూత సీలు తీయని కొత్తది ఇంకొకటి డబ్బీలో పక్కనే పెట్టుకోండి.